తలలో రసీదు

కసాయిశాలలో రాత్రింబవళ్లు పనిచేసే ఒక మట్టిమనిషిని ఒక పోలీసు కొంటాడు. బేరం కుదురుతుంది, డబ్బు చేతులు మారుతుంది, యజమాని రసీదు రాసిస్తాడు. పోలీసు దాన్ని జేబులో పెట్టుకోడు. మట్టిమనిషి తల పైభాగం తెరిచి, రసీదు లోపల పెట్టి మూసేస్తాడు. ఇంతకాలం ఆ తలలో ఉన్నది అతన్ని కదిలించే, కట్టడి చేసే పవిత్రాక్షరాల చీటీ. ఇప్పుడు అక్కడికి ఒక క్రయపత్రం చేరింది. ఇకమీద సరుకూ తనే, సొంతదారూ తనే.

టెరీ ప్రాచెట్ 1996లో వెలువరించిన ‘ఫీట్ ఆఫ్ క్లే’ నవలలోని సన్నివేశం ఇది. కత్తి దూసిన వీరుడు లేడు, తెగిపడిన సంకెళ్లు లేవు, ఉపన్యాసం లేదు. ఉన్నదల్లా దుకాణంలో రోజూ రాసే చిత్తుకాగితం లాంటి రసీదు. మనుషులు కాని జాతుల దాస్యం గురించి ఫాంటసీ సాహిత్యం చాలా రాసింది. అందులో ఇంత తక్కువ సరంజామాతో ఇంత లోతుకు దిగిన రచన మరొకటి నాకు తెలియదు. ఆ పనితనం ఎక్కడెక్కడ ఉందో చూడటమే ఈ వ్యాసం పని.

మనిషి కాని సేవకుడు కథలకు కొత్తవాడు కాదు. దీపం రుద్దితే జీనీ వస్తుంది. మన కథల్లో భూతం వశమవుతుంది. పని చెప్పకపోతే మింగేస్తానంటుంది. తెలివైన యజమాని ఒక స్తంభం పాతించి, దాన్ని ఎక్కుతూ దిగుతూ ఉండమంటాడు. కథ అక్కడితో ముగుస్తుంది, మనం నవ్వుకుంటాం. భూతం ఇంకా ఎక్కుతూ దిగుతూనే ఉందన్న సంగతి ఎవరికీ పట్టదు. ఆ కథల్లో చిక్కంతా యజమానిది: సేవకుణ్ణి అదుపులో పెట్టడం ఎలా? ప్రాచెట్ నవల స్తంభం దగ్గర మొదలవుతుంది. ఎక్కి దిగేవాడి మనసులో ఏముంది?

ప్రాచెట్ 1948లో ఇంగ్లండులో పుట్టారు. చిన్న వయసులోనే స్థానిక పత్రికలో విలేకరిగా చేరారు. తర్వాత విద్యుదుత్పత్తి సంస్థలో పత్రికా సంబంధాల అధికారిగా పనిచేశారు. 1983లో మొదలైన ఆయన డిస్క్‌వరల్డ్ వరస, 2015లో ఆయన కన్నుమూశాక వెలువడిన చివరి నవలతో కలిపి, 41 నవలలకు చేరింది. ‘ఫీట్ ఆఫ్ క్లే’ వాటిలో 19వది. ఆంఖ్-మోర్‌పోర్క్ అనే మహానగరపు పోలీసు దళం, అంటే సిటీ వాచ్, కథానాయకత్వం వహించే నవలల్లో ఇది మూడోది. ఊరి వార్తలు రాసినవాడికి ఊరు దేనిమీద నడుస్తుందో తెలుస్తుంది: అద్దెలు, రసీదులు, సంఘాల తగాదాలు, ఎవరి పని ఎవరు చేస్తున్నారన్న లెక్క. ప్రాచెట్ మాయాలోకంలో మాయ కంటే ఈ లెక్కే ఎక్కువ.

కథ పైకి అపరాధ పరిశోధన. ఒక ముసలి పూజారి, రొట్టెల మ్యూజియం నడిపే ఒక పెద్దాయన హత్యకు గురవుతారు. మరోపక్క నగర పాలకుడు లార్డ్ వెటినారికి ఎవరో ఆర్సెనిక్ విషం పెడుతున్నారు. ఎలా ఎక్కిస్తున్నారో ఎవరికీ అంతుపట్టదు. కమాండర్ శామ్ వైమ్స్, కెప్టెన్ కారట్, తోడేలుగా మారగల అంగ్వా, దళంలో కొత్తగా చేరిన మరుగుజ్జు జాతి రసవాది చీరీ ఈ రెండు చిక్కుముళ్లూ విప్పాలి. హత్యలు జరిగిన చోట మట్టి ఆనవాళ్లు దొరుకుతాయి. అనుమానం గోలెమ్‌ల మీదికి మళ్లుతుంది.

గోలెమ్ యూదుల పురాగాథల్లోని మట్టిమనిషి. 16వ శతాబ్దపు ప్రాగ్ నగరంలో రబ్బీ లోవ్ తన వాళ్ల రక్షణ కోసం ఒక గోలెమ్‌ను చేశాడని ప్రసిద్ధమైన కథ. అందులో ఒక ముచ్చట ఉంది. సబ్బాతు రోజున గోలెమ్ పనిచేయకూడదు కనుక రబ్బీ ప్రతి శుక్రవారం సాయంత్రం దానిలోని పవిత్ర నామాన్ని తీసేసేవాడట. ఒకసారి మరిచిపోయాడు, గోలెమ్ విజృంభించింది. ప్రాచెట్ ఈ ముచ్చటను ఉంచుకుని దాని మొగ్గు మార్చేశారు. ఆయన గోలెమ్‌లు పవిత్ర దినం రాగానే పని వదిలి తామే నడిచి వెళ్లిపోతారు. యజమానులు విసుక్కుంటారు, ఆపలేరు. వాళ్లు తిరిగి వచ్చి చేస్తున్న పని అందుకుంటారు. మూలకథలో విశ్రాంతి యజమాని తీసుకునే జాగ్రత్త. ఇక్కడ అది సేవకుడి దగ్గర మిగిలిన ఒకే ఒక్క సొంత ఆస్తి. మిగిలిన కాలమంతా ఇతరులది, ఆ కాస్తా తనది. నవలలో గోలెమ్‌లు పన్నే రహస్య పథకమంతా ఆ కాస్త కాలంలోనే పుడుతుంది.

గోలెమ్‌కు తిండి అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు, జీతం లేదు. ఆపమని చెప్పకపోతే ఆపడు. మాట్లాడలేడు, పలక మీద రాసి జవాబిస్తాడు. ఈ పలక మీద ప్రాచెట్ ఎంత పనిచేశారో గమనించాలి. మాట నోటి నుంచి వస్తే ఇష్టం లేకపోయినా చెవిన పడుతుంది. పలక మీది మాట చేరాలంటే ఎదుటివాడు ఆగి చదవాలి. పనివాడి పలక చదవడానికి ఎవరు ఆగుతారు? కారట్ ఆగుతాడు కనుకనే కథ కదులుతుంది. పుస్తకం అచ్చులో గోలెమ్ రాతకు హీబ్రూ లిపిని తలపించే వేరే అక్షరాలు వాడారు. తర్వాత నాలుక వచ్చి మాట్లాడే గోలెమ్ ప్రతి పదమూ పెద్దక్షరంతో మొదలవుతుంది. ఏ పదాన్నీ అలవాటుగా వదిలేయకుండా, ఒక్కొక్కటే ఎత్తి పెడుతున్నట్టు ఉంటుంది. ఒక జాతి గొంతు ఎలా ఉంటుందో వర్ణించకుండా, అచ్చు అక్షరం చేతే చూపించడం మామూలు నేర్పు కాదు.

అపరాధ పరిశోధన రూపాన్ని ఎంచుకోవడంలోనూ ఉద్దేశం ఉంది. చేసిన బొమ్మ చేసినవాడి మీద తిరగబడుతుందన్నది పాశ్చాత్య సాహిత్యంలో పాతుకుపోయిన భయం. కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకంలో కృత్రిమ కార్మికులు తిరగబడి మానవజాతినే తుడిచిపెడతారు. పాఠకుడి మనసులో ఆ భయం ముందే ఉంటుందని ప్రాచెట్‌కు తెలుసు. అందుకే హత్య జరిగిన చోట మట్టి చల్లారు. మనం గోలెమ్‌ను అనుమానిస్తాం. అనుమానించడం తప్పేమోనని సిగ్గుపడతాం. తీరా చూస్తే హంతకుడు నిజంగానే గోలెమ్. రచయిత మన అనుమానాన్ని అబద్ధం చెయ్యలేదు, మన జాలిని కూడా చెయ్యలేదు. అమాయకుడని తేలితేనే దాసుడి మీద దయ చూపుతామంటే ఆ దయ విలువ ఎంత? నవల మొత్తం మీద ఇంతకంటే ఇబ్బంది పెట్టే ప్రశ్న లేదు. దాన్ని ఎవరి నోటా పలికించకుండా కథాక్రమంలోనే దాచారు.

కసాయిశాల గోలెమ్ పేరు డార్ఫల్. అతను తనంత తానే పోలీసుల దగ్గరికి వచ్చి హత్య చేసింది తనేనని పలక మీద రాస్తాడు. అడిగిన ప్రశ్నలకు అతని జవాబులు జరిగినదానికి సరిపోవు. చెయ్యని నేరాన్ని నెత్తికెత్తుకోవాలని వచ్చాడు. ఇక్కడ ఒక న్యాయసమస్య తలెత్తుతుంది. గోలెమ్ చట్టం దృష్టిలో వస్తువు. సుత్తి మీద హత్యానేరం మోపుతారా? నేరం ఒప్పుకోగలిగినవాడు వస్తువెలా అవుతాడు? ఇది కల్పనలో పుట్టిన విడ్డూరం కాదు. బానిసత్వం రద్దు కాకముందు అమెరికా దక్షిణ రాష్ట్రాల చట్టాల్లో నల్లజాతి బానిసలు కొనడానికి, అమ్మడానికి ఆస్తి. నేరం చేస్తే మాత్రం బోనులో నిలబెట్టి శిక్షించడానికి మనుషులు. ప్రాచెట్ ఆ చరిత్రను పేరు పెట్టి పిలవలేదు. ఒక మట్టిమనిషి చేత తప్పుడు ఒప్పుకోలు రాయించి, ఆ చట్టం లోపలి పగులు కనబడేలా చేశారు.

ఇక నవల గుండెకాయ. నగరంలోని గోలెమ్‌లు రహస్యంగా కలుసుకుని తమకోసం ఒక రాజును తయారుచేసుకున్నారు. తమ తమ ఒంట్లోంచి కొంత మట్టి తీసి ఇచ్చారు. పూజారి చేత పవిత్రాక్షరాలు రాయించారు. మ్యూజియంలోని రొట్టెల పొయ్యిలో కాల్చారు. తమలో ఎవరికీ లేనివన్నీ అతని తలలో ఆశలుగా రాసి పెట్టారు: లోకానికి శాంతి తేవాలి, అందరికీ న్యాయం చెయ్యాలి, తమను ఏలాలి, తమకు స్వేచ్ఛ నేర్పాలి. మెషుగా అనే ఆ రాజు తలలో అన్నీ పట్టలేదు. ఒకదానితో ఒకటి పొసగని ఆజ్ఞలు మోయలేక పిచ్చెక్కింది. తనను పుట్టించడానికి సాయపడిన ఆ ఇద్దరు ముసలివాళ్లను చంపాడు. కొవ్వొత్తుల కార్ఖానాలో పనివాడై రాత్రింబవళ్లు కొవ్వొత్తులు పోస్తూ ఉన్నాడు. తమ మట్టిలో మట్టి చేసిన పాపానికి సిగ్గుపడి కొందరు గోలెమ్‌లు తమను తాము నాశనం చేసుకున్నారు. డార్ఫల్ నేరం మీద వేసుకోవడానికి కారణమూ అదే.

దాస్యం గురించి రాసే రచయితలు దాసుడి బాధ దగ్గర ఆగిపోతుంటారు. ప్రాచెట్ దాసుడి ఊహ దాకా వెళ్లారు. తరతరాలుగా ఆజ్ఞలు తప్ప మరేదీ ఎరగనివాళ్లు విముక్తిని ఎలా ఊహించుకుంటారు? మరో ఆజ్ఞగానే. తమను విడిపించమని ఒకణ్ణి ఆజ్ఞాపిస్తారు. స్వేచ్ఛ నేర్పమని రాసిన చీటీ కూడా తలలో పెట్టిన చీటీయే. రాజు పుట్టుకతోనే అందరికంటే పెద్ద దాసుడు. ఇందులో గోలెమ్‌లను వెక్కిరించడం లేదు. వాళ్లకు తెలిసిన ఒకే పరికరంతో వాళ్లు తమకు తెలియని వస్తువును చెయ్యబోయారు. ఓటమికి మూలం వాళ్ల తెలివితక్కువతనంలో లేదు, వాళ్ల చేతికి దొరికిన పరికరంలో ఉంది.

ఈ కథను ఒంటరిగా వదిలేసి ఉంటే నీతికథలా తేలిపోయేది. ప్రాచెట్ దానికి జంటగా మరో కథ నడిపారు. వెటినారికి విషం పెడుతున్నది నగరంలోని పెద్దమనుషుల కుట్ర. వంశవృక్షాలను, రాజచిహ్నాలను చూసే ఒక రక్తపిశాచి వాళ్ల వెనక ఉన్నాడు. వెటినారిని పడగొట్టి, తమ చెప్పుచేతల్లో ఉండే రాజును నిలబెట్టాలన్నది పథకం. అందుకు వాళ్లు ఎన్నుకున్నది నాబీ నాబ్స్ అనే పోలీసును. ఊళ్లో అంతకంటే చిల్లర మనిషి లేడు. అతనిలో రాజరక్తం ఉందని కాగితాలు పుట్టిస్తారు. గోలెమ్‌లు మట్టితో చేసిన పనిని పెద్దమనుషులు రక్తంతో చేస్తున్నారు. ఇద్దరికీ కావలసింది తయారుచేసిన రాజే. తేడా ఒక్కటే. గోలెమ్‌లు నిజంగా న్యాయం కోరి చేశారు, సిగ్గుతో చచ్చారు. పెద్దమనుషులు లాభం కోరి చేశారు, సిగ్గు మాటే ఎత్తలేదు. నాబీ మాత్రం కిరీటం వద్దంటాడు, వైమ్స్‌కు తెలిస్తే ఊరుకోడన్న భయంతో. రాజునైనా సరే, పై అధికారి తిడతాడని జడిసే మనసది. హాస్యంలోనే ఇక్కడ కూడా విషయం చెప్పేశారు: కిరీటం పెట్టినా లోపలి అలవాటు మారదు.

రెండు కథలనూ కలిపి కుట్టిన దారం కొవ్వొత్తి. తిండి, నీళ్లు, గది అంతా గాలించినా దొరకని విషం కొవ్వొత్తి వత్తిలో ఉంది. వెలిగించి చదువుకునేవాడు దాన్ని పీలుస్తాడు. కొవ్వొత్తుల కార్ఖానా యజమాని కుట్రలో భాగస్వామి. పిచ్చి రాజు పనిచేసేది అతని దగ్గరే. అయితే ప్రాచెట్ ఆ కొవ్వొత్తిని పాలకుడి గదిలో ఆరిపోనివ్వలేదు. కోటలో పనిచేసే ఒక పనిపిల్ల కాలగా మిగిలిన ముక్కలు ఇంటికి తీసుకెళుతుంది. పెద్దింటి పనివాళ్లకు అలాంటివి దక్కడం మామూలే. కాక్‌బిల్ వీధిలోని ఆ పేదింట్లో ముసలమ్మ, పసిబిడ్డ చనిపోతారు. వైమ్స్ పుట్టి పెరిగిన వీధి అదే. పాలకుడి మీద పన్నిన కుట్రలో పాలకుడు బతికాడు, పనిమనిషి ఇంటివాళ్లు పోయారు. కుట్రదారుల లెక్కలో ఆ ఇద్దరూ ఎక్కడా లేరు. మట్టిమనుషుల వెట్టి గురించిన నవలలో, జీతం పుచ్చుకునే మనిషి బతుకు ఎంత చవకో చెప్పే ఘట్టం ఇది. వేరే జాతుల దాస్యాన్ని అద్భుతంగా చూపి, సొంత జాతిలోని సేవకులను మరిచిపోయే ఫాంటసీ రచనలు తక్కువేం లేవు. ఇక్కడ ఆ మరపు లేదు.

మనుషులు కాని జాతుల మధ్య కూడా మెట్లున్నాయి. ఆంఖ్-మోర్‌పోర్క్‌లో ట్రోల్‌లు, మరుగుజ్జులు, రక్తపిశాచులు, నడిచే శవాలు అందరూ పన్నులు కడుతూ, తమ జాతి పరువు కోసం పోట్లాడుతూ బతుకుతారు. వాళ్లందరి కిందా గోలెమ్‌లు. తోడేలు జాతి పిల్ల అంగ్వా ఊరి అసహ్యాన్ని రోజూ ఎదుర్కొంటుంది. అయినా గోలెమ్‌ల మీద జాలి చూపదు, విసుక్కుంటుంది. అణగారిన వాళ్లంతా ఒకరికొకరు తోడుంటారన్న తీపి అబద్ధాన్ని ప్రాచెట్ రాయలేదు. మరోవైపు చీరీ. మరుగుజ్జుల్లో ఆడా మగా అందరూ గడ్డంతో, ఒకే వేషంతో ఉంటారు. తను స్త్రీనని బయటికి చెప్పుకోవడమే పెద్ద తెగింపు. గడ్డం తీసెయ్యకుండానే ఆమె చెవిపోగులు, లిప్‌స్టిక్, లంగా ఒక్కొక్కటే ధైర్యం చేసుకుంటూ వేసుకుంటుంది. డార్ఫల్ కథకు పక్కన ఈ కథ నడవడం వల్ల ఒక సంగతి తేటపడుతుంది. యజమాని లేకపోయినంత మాత్రాన ఎవరూ తమకు తాము దొరకరు.

రసీదు తలలోకి వెళ్లాక డార్ఫల్ సంబరపడడు, తల్లడిల్లుతాడు. ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు లేని మొదటి క్షణం అది. తర్వాత అతను కసాయిశాలల్లోని పశువులను విడిచిపెడతాడు. వీధులన్నీ గొడ్లతో నిండిపోతాయి. జీవితమంతా గొడ్లను నరికినవాడికి స్వేచ్ఛ అంటే తట్టిన మొదటి అర్థం అది. ఆ అర్థంతో ఊరికి ఒరిగింది గందరగోళమే. స్వేచ్ఛ వచ్చిన మరుక్షణం వివేకం వస్తుందని రచయిత చెప్పలేదు. వివేకం లేదు కనుక స్వేచ్ఛ ఇవ్వకూడదనీ చెప్పలేదు. ఈ రెండింటి మధ్య సందులో నిలబడటం చాలా కష్టం. కార్ఖానాలో మెషుగాతో తలపడినప్పుడు డార్ఫల్ తలలోంచి అక్షరాలు ఊడిపోతాయి. గోలెమ్ అక్కడితో నిర్జీవం కావాలి. కానీ ఖాళీ తలతోనే అతని చెయ్యి లేచి పని పూర్తిచేస్తుంది. చీటీ లేకుండా చేసిన మొదటి పని.

ఇదే అంశం మీద ఇంకా ఎక్కువమంది చదివినవి జె.కె. రౌలింగ్ ఇంటి ఎల్ఫ్‌ల కథలు. 1998 నాటి రెండో హ్యారీ పాటర్ నవలలో యజమాని ఇచ్చిన మేజోడు డాబీని విడిపిస్తుంది. 2000లో వచ్చిన నాలుగో నవలలో వింకీకి అదే విముక్తి శిక్షగా తగిలి ఆమె కుంగిపోతుంది. ఎల్ఫ్‌ల కోసం హ్యారీ స్నేహితురాలు హెర్మయనీ సంఘం పెడితే స్నేహితులు నవ్వుతారు. జీతం ఇస్తానన్న హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్‌తో డాబీ బేరమాడి వారానికి పది గాలియన్‌లను ఒకటికి తగ్గించుకుంటాడు. ఆ బేరం నవ్విస్తూనే గుచ్చుతుంది. రౌలింగ్ నేర్పును తక్కువ చెయ్యలేం. కానీ యంత్రాంగం చూడండి. బట్ట యజమాని చేత్తో ఇవ్వాలి. విముక్తి అంటే ఇంట్లోంచి పంపెయ్యడం. ఆఖరి మాట యజమానిదే, సేవకుడు దాన్ని అందుకునేవాడే. మిగతా ఎల్ఫ్‌లు సేవలోనే సంతోషంగా ఉన్నారన్న మాట కథలో చివరిదాకా తేలకుండా మిగిలిపోతుంది. ప్రాచెట్ రసీదులో మాత్రం యజమాని సంతకం పెట్టి తప్పుకుంటాడు. గోలెమ్ సంతోషంగా ఉన్నాడా అన్నది ఎవరూ అడగరు. కాగితం మీద ఎవరి పేరుందన్నదే అడుగుతారు. సంతోషం కొలవలేం, పేరు చదవగలం.

ఈ కాగితానికి చరిత్రలో తోబుట్టువులున్నాయి. ఒలాడా ఈక్వియానో అనే ఆఫ్రికన్ బానిస చిన్న చిన్న వ్యాపారాలు చేసి కూడబెట్టిన సొమ్ముతో 1766లో 40 పౌండ్లు చెల్లించి తనను తాను కొనుక్కున్నాడు. 1789లో అచ్చయిన ఆత్మకథలో ఆ విముక్తి పత్రాన్ని ఉన్నదున్నట్టు ముద్రించాడు. తన దేహానికి తను కట్టిన వెలను లోకం కళ్లారా చూడాలి కదా. ప్రాచెట్ ఆ ఆత్మకథను మనసులో పెట్టుకుని రాశారని నేననను. బానిసత్వమంటే ముందు ఒక ఆస్తి చట్టమని ఇద్దరూ గుర్తించారు. చట్టం కాగితంతో కట్టిపడేసింది కనుక కాగితంతోనే విప్పారు. ఆ పద్ధతిలోని అవమానాన్ని కూడా ఇద్దరూ దాచలేదు.

ముగింపులో ముక్కలైన డార్ఫల్‌ను వాచ్ వాళ్లు మళ్లీ మలిచి కాలుస్తారు. ఈసారి నాలుక కూడా పెడతారు. అతను పోలీసుగా చేరతాడు. నిద్ర లేనివాడు కనుక రేయింబవళ్లు పనిచేసి జీతం కూడబెడతాడు. ఆ డబ్బుతో మరో గోలెమ్‌ను కొని విడిపిస్తాడు. ఇద్దరూ సంపాదించి ఇంకొకరిని. సుత్తితో కాదు, సంతతో. నగరానికి ఈ పథకం తిరుగుబాటు కంటే ఎక్కువ కంగారు పుట్టిస్తుంది. తిరగబడితే అణచవచ్చు, డబ్బు కట్టి రసీదు అడిగేవాణ్ణి ఆపడానికి ఏ వ్యాపారి దగ్గరా వాదం లేదు. దేవుళ్లు లేరన్నందుకు పిడుగు పడితే అతను చలించడు. కాలిన మట్టిని పిడుగు ఏం చేస్తుంది? పిడుగు వాదనకు జవాబు కాదంటూ తీరిక వేళల్లో పూజారులతో చర్చకు సిద్ధమంటాడు. ఆజ్ఞలనే పవిత్రాక్షరాలుగా మోసినవాడు తొలిసారి నోరు తెరిచి అడిగింది రుజువు.

లోటు లేదా? ఉంది. దాసుల చేత దాస్యం వెల కట్టించడం న్యాయమేనా? 1833లో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు యజమానులకు రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, బానిసలకు ఏమీ ఇవ్వలేదు. డార్ఫల్ పథకంలో కూడా ఇన్నేళ్ల వెట్టికి గోలెమ్‌లకు రావలసిన బాకీ ఎవరూ లెక్క కట్టరు. పైగా యజమానులకే ఎదురు డబ్బు ముడుతుంది. మొదటి రసీదు రాయించుకున్నది మనిషే, అదీ ఊరంతా మెచ్చే సత్తెకాలపు కారట్ అన్నది మరో చిన్న వెలితి. కుట్ర కథ మధ్యలో బరువెక్కి, రాజచిహ్నాల చమత్కారాలు కొన్నిచోట్ల ఊపిరాడనివ్వవు. అయితే పరిహారం ప్రశ్న మనకు తట్టేటంత స్పష్టంగా లెక్క వేసి చూపించింది కూడా ఈ నవలే.

ఆ లెక్క తర్వాతి పుస్తకాల్లోకి సాగింది. 2004 నాటి ‘గోయింగ్ పోస్టల్’ నాటికి గోలెమ్‌లను విడిపించే ట్రస్టు ఒకటి నడుస్తోంది. అందులో మిస్టర్ పంప్ 240 ఏళ్లు గోతి అడుగున నీళ్లు తోడినవాడు. ఎవరినీ చంపలేదని గర్వపడే మోసగాడు మాయిస్ట్‌కు అతను లెక్క చెప్తాడు: నీ మోసాల వల్ల కుదేలైన బతుకులన్నీ కూడితే నువ్వు 2.338 మందిని చంపావు. ఏళ్ల తరబడి వస్తువుగా లెక్కకెక్కినవాడు మనుషులకు లెక్క నేర్పుతున్నాడు.

2011 నాటి ‘స్నఫ్’లో ప్రాచెట్ మళ్లీ ఇదే విషయానికి వచ్చారు. ఈసారి పురుగులకంటే హీనంగా చూడబడే గాబ్లిన్‌లు. వాళ్లను పట్టుకెళ్లి పొగాకు తోటల్లో వెట్టి చేయిస్తారు. చివర్లో ఒక గాబ్లిన్ పిల్ల పెద్దల ముందు హార్ప్ వాయిస్తుంది; విన్నవాళ్ల మనసు కరుగుతుంది; చట్టం మారుతుంది. కదిలించే ఘట్టమే. కానీ చదువుతుంటే నాకు డార్ఫల్ గుర్తొచ్చి మనసు ఒప్పలేదు. వాయించడం చేతకాని గాబ్లిన్ సంగతేమిటి? డార్ఫల్‌ను ఎవరూ పాడమనలేదు, ప్రతిభ చూపమనలేదు, మంచివాడివేనా అని అడగలేదు. అప్పటికి అతని మీద హత్యానుమానం కూడా ఉంది. అయినా కారట్ డబ్బిచ్చి రసీదు తీసుకున్నాడు. అర్హత పరీక్ష పెట్టకుండా హక్కు ఇవ్వడం కథలో రాయడం చాలా కష్టం; పాఠకుడు పాత్రను ప్రేమించాకే హక్కు ఇప్పించాలని ప్రతి రచయితకూ చెయ్యి లాగుతుంది. ‘ఫీట్ ఆఫ్ క్లే’లో ఆ చెయ్యి లాగలేదు. ప్రాచెట్ పనితనానికి నేను పెట్టే మొదటి మార్కు అందుకే.